రాహేలమ్మకు సాక్ష్యం లేదు

సత్తెనపల్లి శివారు కాలనీలో రాహేలమ్మ ఎదురుపడితే తప్పించుకోవడానికి రెండే మార్గాలు. ఒకటి, ఆమె చూసేలోపే పక్క సందులోకి తిరిగిపోవడం. రెండోది, ఆదివారం మందిరానికి వస్తానని ఒప్పేసుకోవడం. మొదటిది ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. మిరపకాయల గోడౌన్లో తొడిమలు తీసే పని ఆమెది. అంత ఎర్రటి గుట్టలో తెల్లబారిన తాలుకాయ ఎక్కడుందో కూర్చున్న చోటి నుంచే కనిపెట్టే మనిషి, సందులో నక్కిన మనిషిని వదులుతుందా?

పిలిచే పద్ధతీ వేరు. దేవుడి ఊసు ముందు ఎత్తదు. "ఏందమ్మా, మొహం అట్టా పీక్కుపోయింది? తిన్నావా?" అని మొదలుపెడుతుంది. తినలేదంటే తన టిఫిను డబ్బా మూత తీస్తుంది. తిన్నానంటే ఏం కూరని అడుగుతుంది. ఆ కూర దగ్గర నుంచి అత్తగారి మీదకు, అత్తగారి మీద నుంచి మోకాళ్ల నొప్పుల మీదకు మాట సాగి, అవతలి మనిషి కొంగుతో కళ్లు తుడుచుకునే దాకా వచ్చాక, "ఆదివారం ఏం చేస్తన్నావ్?" అంటుంది. అప్పటికే ఆమె వంకాయ కూర సగం తినేసిన మనిషి ఏ మొహం పెట్టుకుని కాదంటుంది?

పాస్టరు ఏలీయా గారు, ఆయన భార్య, రాహేలమ్మ. ఈ ముగ్గురితో రేకుల షెడ్డులో మొదలైన బేతేలు ప్రార్థన మందిరం పదేళ్లు తిరిగేసరికి పట్టాల మీద చోటు చాలక మోకాలికి మోకాలు తగిలించుకుని కూర్చునే సంఘమైంది. కాలనీలో ఎవరికి జ్వరమొచ్చినా జావ గిన్నె పట్టుకుని ముందు చేరేది ఆ సంఘమే. జావ తాగినవాళ్లందరూ ప్రార్థనకు రావాలన్న రూలేం లేదు. రాహేలమ్మ పక్కింటి షాజాదీనే తీసుకోండి. "నా నమాజు నాది, నీ ప్రార్థన నీది, బిర్యానీ మాత్రం ఇద్దరిదీ" అని ఏనాడో తేల్చి చెప్పేసింది. మందిరంలో విందు జరిగితే గరిట ఆమె చేతిలోనే ఉంటుంది.

ఇంతమందినీ పిలవడం ఒక ఎత్తయితే, తీసుకురావడం ఇంకో ఎత్తు. ముసలివాళ్లు, పిల్లల తల్లులు, చుట్టుపక్కల పల్లెల నుంచి రావలసినవాళ్లు. వాళ్లందరికీ దిక్కు రాహేలమ్మ భర్త జక్రయ్య ట్రాలీ ఆటో. వారమంతా అది గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోస్తుంది. ఆదివారం పొద్దున్నే జక్రయ్య దాన్ని చీపురుతో ఊడ్చి, గోనెపట్టా పరిచి, వాళ్లందరినీ ఎక్కించుకొస్తాడు. ఎంత ఊడ్చినా మిరప ఘాటు పోతుందా? అందుకే బేతేలు మందిరంలో మొదటి పాట ఎప్పుడూ తుమ్ములతోనే మొదలవుతుంది. పాస్టరు గారు కూడా విసిగిపోయి, "తుమ్ములన్నీ అయిపోయాక చెప్పండమ్మా, అప్పుడు పాడదాం" అనడం అలవాటు చేసుకున్నారు.

అందరినీ గుమ్మం దాకా తెచ్చే జక్రయ్య మాత్రం గుమ్మం దాటడు. పేరు బైబిల్లోది, కాళ్లు మాత్రం బయటివి. దానికో కథ ఉంది. మందిరం పెట్టిన కొత్తల్లో ఒకసారి వచ్చి లోపల కూర్చున్నాడు. ముందురోజు రాత్రంతా లోడు తోలిన ఒళ్లు. పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రార్థించమనగానే జక్రయ్య బుద్ధిగా కళ్లు మూశాడు. అంతే, గురక. పాస్టరు గారు గొంతు పెంచారు, జక్రయ్య గురక పెంచాడు. పక్కనే ఉన్న మైకు ఆ రెంటినీ సమానంగా కాలనీ అంతటికీ వినిపించింది. మెలకువొచ్చి చూస్తే మందిరమంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. జక్రయ్య చెప్పులేసుకుని బయటికొచ్చేశాడు. "నన్ను చూసి నవ్వినోళ్ల మధ్య నేను కూర్చోను" అన్నాడు. ఉడుంపట్టు మనిషి. ఆనాటి నుంచి ఆరాధన అయ్యేదాకా ఆటోలోనే కాళ్లు చాపుకుని, బయట పెట్టిన సౌండు బాక్సులోంచి వినపడేది వింటూ కూర్చుంటాడు.

దీంతో రాహేలమ్మ అందరి నోళ్లలో పడింది. టైలరు యలమంద అయితే మరీను. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా అక్క రచ్చంతా గెలిచి ఇంట్లో డిపాజిట్టు పోగొట్టుకుంది" అంటాడు. రాహేలమ్మ అందరికంటే గట్టిగా నవ్వుతుంది. ఇంటికెళ్లాక అంట్లు మాత్రం మామూలు కంటే ఎక్కువ చప్పుడు చేస్తూ తోముతుంది. ఆ మాట ఆమెకు గుచ్చుకునేది, బాగా గుచ్చుకునేది.

పదో వార్షికోత్సవం దగ్గరపడ్డాక పాస్టరు గారు కబురు పెట్టారు. "ఈసారి సాక్ష్యం నువ్వు చెప్పాలమ్మా, ప్రభువు నీకేం మేలు చేశాడో."

"నా దగ్గరేముందండీ చెప్పటానికి? పాము కరవలా, కాన్సరు రాలా. కట్టుకున్నోణ్ణి గుమ్మం దాటించలేనిదాన్ని, మైకు పట్టుకుని ఏం చెప్పమంటారు? ఆయన లోపలికొచ్చిన రోజు చెప్తా."

"ఏటేటా ఇదే మాట. ఆయన వచ్చేదాకా నువ్వు నోరు మూసుకుంటావా? నువ్వు నోరు మూసుకోవడం మేమెప్పుడన్నా చూశామా అమ్మా?"

రాహేలమ్మకు ఒప్పుకోక తప్పలేదు. ఇంటికొచ్చి మొగుణ్ణి బతిమాలింది. "ఒక్క రోజు లోపలికి రావయ్యా, నాకు ధైర్యంగా ఉంటది."

"బాక్సులో ఇనపడుద్దిలేవే" అన్నాడు జక్రయ్య.

వార్షికోత్సవం రోజు మందిరం నిండా రంగు కాగితాలు, వెనక నుంచి షాజాదీ బిర్యానీ వాసన. తుమ్ములయ్యాయి, పాటలయ్యాయి, సాక్ష్యాలు మొదలయ్యాయి. ముందుగా వెంకటరావమ్మ లేచింది. ప్రభువు తనకు కలలో కనపడి, పేరు పెట్టి పిలిచి మందిరానికి నడిపించాడని చెప్పి కళ్లు ఒత్తుకుంది. తర్వాత యలమంద. వైన్ షాపు మెట్ల మీద పడి ఉన్న తనను ప్రభువే చెయ్యి పట్టుకుని లేపాడని చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. రాహేలమ్మ ఒక్కతే అనలేదు. కూర్చున్న చోటే అటూ ఇటూ కదులుతోంది.

ఆమె వంతు వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుని మైకు అందుకుంది. కాలనీ మొత్తాన్నీ మాటలతో కట్టిపడేసిన మనిషి మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది. అంతలో ఎదురుగా ముసిముసిగా నవ్వుతున్న యలమంద కనిపించాడు. ఆమెకు మండింది.

"అందరికీ వందనాలు. ఏం తమ్ముడూ, ప్రభువు నీ చెయ్యి పట్టుకున్నాడా? కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చింది ఎవరంట? గుండీ తెగితే మందిరంలోనే కూర్చుని కుట్టుకున్నావు గదా!"

మందిరం గొల్లుమంది.

"వెంకటరావమ్మ పిన్నీ, అది కల గాదే! మధ్యాన్నం నువ్వు పడుకుంటే కిటికీ దగ్గర నిలబడి పిలిచింది నేను! అయ్యగారూ, మీరూ నవ్వబాకండి. మందిరం పెట్టిన మూడో నెల్లోనే, జనం రావట్లేదని పెట్టె సర్దుకుని సింగరాయకొండ బస్సెక్కి కూర్చుంటే సీట్లోంచి దింపుకొచ్చింది ఎవరండీ?"

ఏలీయా గారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. అందరికంటే పెద్దగా నవ్వింది ఆయన భార్యే. బయట ఆటోలో జక్రయ్య కూడా తొడ చరుచుకుని మరీ నవ్వుతున్నాడు.

నవ్వులు తగ్గేదాకా రాహేలమ్మ ఆగింది. "నేనేదో గొప్ప చేశానని కాదు. ప్రభువు పంపకపోతే నేనెవర్ని? ఈ కాలనీకి కొత్త కోడలిగా వచ్చినప్పుడు, తిన్నావా అని నన్ను అడిగిన మనిషి లేదు. ఏడుపొచ్చేది. అందుకే ఎవర్ని చూసినా నాకు అడగబుద్ధవుద్ది. ఇక మా ఆయన సంగతి. మీకెవరికీ తెలవదు గానీ, ఈ పదేళ్లూ మా ఆయన ఏం చేశాడంటే..."

కరెంటు పోయింది.

బయట బాక్సు మూగబోయింది. జక్రయ్య నిటారుగా లేచి కూర్చున్నాడు. ఏం చేశాడంట? పోయిన సంక్రాంతికి అద్దంకి కోడిపందేలకు పోయి, లోడుకెళ్లానని చెప్పిన సంగతి తెలిసిపోయిందా? ఫ్రిజ్జులో ఆమె దాచుకున్న జున్ను పిల్లి తినలేదని కనిపెట్టిందా? లోపల నుంచి "అయ్యో" అని ఎవరో అన్నారు. ఎందుకన్నారు? ఆటో దిగి వెనక చక్రం దగ్గర నిలబడి చెవి రిక్కించాడు. గుసగుసలు తప్ప ఏమీ వినపడలేదు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏమే! ఏం చెప్తన్నావే నా గురించి?"

చెప్పులతో సహా లోపలికొచ్చి, ఆడవాళ్లు కూర్చునే వైపు నడిమధ్యలో నిలబడ్డాడు. మందిరం మొత్తం అతని వైపు తిరిగింది. తానెక్కడ నిలబడ్డాడో అప్పుడు తెలిసింది జక్రయ్యకు. వెనక్కి ఒక అడుగు వేశాడు.

రాహేలమ్మ చేతిలో చచ్చిపోయిన మైకు అలాగే ఉంది. "ఏం చెప్తానయ్యా? నేను పిలిచానంతే, మోసింది నువ్వని చెప్తన్నా. రాత్రంతా యార్డుకు టిక్కీలు తోలి, కన్ను మూయకుండా మళ్లీ వీళ్లందరి కోసం బండి తీసేవాడివి. మేం లోపల నీడనుంటే నువ్వు బయట ఎండలో ఉన్నావు. వీళ్లలో ఒక్కసారన్నా నీ ఆటో ఎక్కనోళ్లు ఎవరన్నా ఉన్నారేమో అడుగు."

ఎవరూ లేరు. జక్రయ్య వంగి చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. వెంకటరావమ్మ మోకాళ్లు పక్కకు జరిపి, "కూర్చో నాయనా, చోటుంది" అంది. అటువైపు నుంచి యలమంద, "కూర్చో బావా, ఈసారి గురక పెట్టినా నవ్వం" అన్నాడు. ముందుగా నవ్వింది జక్రయ్యే. నవ్వుతూనే కూర్చున్నాడు.

అంతలో కరెంటు వచ్చి మైకు కుయ్యిమంది. ఏలీయా గారు కళ్లు తుడుచుకుంటూ, "మిగతాది చెప్పమ్మా" అన్నారు.

"ఇంకేం మిగల్లేదండీ అయ్యగారూ" అంటూ రాహేలమ్మ మైకు ఆయన చేతిలో పెట్టేసింది. "నా సాక్ష్యం లోపలికొచ్చి కూర్చుంది."

ఆమె వెళ్లి భర్త పక్కన కూర్చుంది. అది ఆడవాళ్ల వైపని అతనికి ఎవరూ చెప్పలేదు.