అవ్వ విని రాసిన లండన్ పాటల వరుస

డిగ్రీలో నేను తప్పింది ఒక్క ఇంగ్లీషే. అదీ రెండుసార్లు. ఆత్మకూరు దగ్గరి పల్లెలో వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, పదో తరగతి దాకా తెలుగులోనే చదివి వనపర్తి కాలేజీకి వచ్చినదాన్ని. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి గానీ మాటలు వినిపించేవి కావు. మూడోసారి పరీక్ష రాసి గట్టెక్కేదాకా ఊరికి రానని ఇంట్లో చెప్పి వనపర్తిలోనే ఒక గది తీసుకుని ఉండిపోయాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది.

ఆ ఇల్లుగలామెకు అరవై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. కూతురు, అల్లుడు వెనక వాటాలో ఉండేవారు. ఆమె మాత్రం ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని వీధిలోని ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. అందరూ ఆమెను అవ్వ అనేవారు. నేనూ అదే అన్నాను.

ఒకరోజు పొద్దున నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటే, మిషను ఆపి నావైపే చూస్తూ ఉంది.

"ఏంది బిడ్డా, గంటసేపు సంది సూస్తున్న. పెదవులు గూడ కదుపుత లేవు. సదువుతున్నవా, నిద్రపోతున్నవా?"

"ఇంగ్లీషు అవ్వా. చదవొస్తది గాని పలకరాదు."

"పలకకపోతే ఎట్లొస్తది? మాట అంటేనే నోట్ల నుంచి వచ్చేది గద."

నాకు కొంచెం కోపం వచ్చింది. ఐదో తరగతి చదివిన మనిషి నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. ఆమె అదేమీ పట్టించుకోకుండా లోపలికి పోయి, పాత రేకుపెట్టె ఈడ్చుకొచ్చి నా ముందు తెరిచింది. అందులో జాకెట్టు ముక్కల్లో చుట్టిన నోటుపుస్తకాలు ఏడు ఉన్నాయి. కాగితాలు ఎండిన ఆకుల్లా అయిపోయి, అంచులు పురుగు కొట్టేసి ఉన్నాయి. ప్రతి పేజీలో పైన తేదీ, కింద ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఒక్కో అంకె ఎదురుగా ఒక్కో వరుస. అక్షరాలన్నీ గుండ్రంగా, ముచ్చటైన తెలుగు అక్షరాలే. కానీ ఎంత చదివినా ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏ భాష అవ్వా ఇది?"

"నువ్వు సదువుతున్నవే, గదే."

పెళ్లయిన కొత్తలో వాళ్లు గద్వాలలో ఉండేవారట. ఆయన తపాలాఫీసులో టెలిగ్రాఫు గుమస్తా. తీగ మీద వచ్చే టకటక చప్పుళ్లు విని మాటలు రాసుకునే పని. సికింద్రాబాదులో ఆ పని నేర్చుకునే రోజుల్లో ఆయనతో పాటు ఒక ఆంగ్లో ఇండియన్ స్నేహితుడు గదిలో ఉండేవాడట. ఆ స్నేహితుడి వల్ల ఈయనకు ఇంగ్లీషు పాటల పిచ్చి పట్టుకుంది. లండన్‌లో ఆ వారం ఏ పాట రికార్డు ఎక్కువగా అమ్ముడైంది, ఏది మొదటి స్థానంలో ఉంది, ఏది కిందికి జారింది అని వారం వారం ఒక వరుస చదివేవారట రేడియోలో. వచ్చే వారం మొదటి స్థానం దేనిదో ముందే ఊహించి ఒకరికొకరు కార్డు రాసుకోవాలని స్నేహితులిద్దరి పందెం. ఓడినవాడు గెలిచినవాణ్ని పొగుడుతూ నాలుగు వాక్యాలు రాయాలి. అంతే.

చిక్కేమిటంటే, షార్ట్‌వేవులో ఆ కార్యక్రమం వచ్చే సాయంత్రం ఆయనకు ఆఫీసులో డ్యూటీ. అందుకని ఇరవై ఏళ్ల భార్యను రేడియో ముందు కూర్చోబెట్టాడు.

"నాకేం తెల్వదు అన్న. నీకు ఇనపడ్డది ఇనపడ్డట్టు రాయి, నేనొచ్చి సూసుకుంట అన్నడు. రాసిన. గాలికి గొంతు దూరం పోతుండె, మళ్ల దగ్గరకొస్తుండె. చెవి రేడియోకు ఆనించి రాసేదాన్ని."

మొదట్లో అది పొయ్యి మీద పాలు చూడమన్నట్టు చెప్పిన పని. రెండు నెలలు తిరిగేసరికి ఆమెకే ఆత్రం పట్టుకుంది. పోయిన వారం ఏడో స్థానంలో ఉన్న పాట ఈ వారం ఎక్కడికి వచ్చింది? ఎక్కిన పాట పక్కన పైకి ఒక గీత, దిగిన పాట పక్కన కిందికి ఒక గీత పెట్టేది. పాడేవాళ్ల పేర్లు అందకపోతే "మొగ గొంతు", "ఆడ గొంతు", "గుంపు" అని రాసుకునేది. తనకు నచ్చిన పాట పక్కన చిన్న పువ్వు వేసేది.

"ఒక మాట మాత్రం వారం వారం వస్తుండె బిడ్డా. పదిట్ల నాలుగు పాటలకు గదే. లౌ, లౌ, లౌ. ఏందయ్యా ఈ లౌ అని మీ తాతనడిగిన. వాళ్ల దేశంల దొరికే సరుకు అన్నడు. నెల దాటినంక చెప్పిండు, సిగ్గుపడుకుంట."

చెప్పి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. పుస్తకం పక్కన పెట్టేశాను.

పురుగు పూర్తిగా తినేయకముందే వాటిని మంచి కాగితం మీదికి ఎక్కించమని ఆమె అడిగింది. సరే అన్నాను. కానీ తెలుగులో ఉన్నదాన్ని తెలుగులోనే దించితే ఏం లాభం? అసలు పేర్లు ఏమిటో కనుక్కోవాలనిపించింది. బస్టాండు దగ్గర కొత్తగా ఇంటర్‌నెట్ సెంటరు పెట్టారు. మధ్యాహ్నం పూట ఖాళీగా ఉండేది. నోటుపుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్లి, ఆ కాలపు లండన్ పాటల జాబితాలు వెతికాను. దొరికాయి. ఏ వారానికి ఆ వారం, వరుస తప్పకుండా ఎవరో ఓపికగా పెట్టి ఉంచారు.

అప్పుడు మొదలైంది నా అసలు చదువు. తెర మీద ఇంగ్లీషు పేరు, చేతిలో అవ్వ తెలుగు. కళ్లతో పోలిస్తే రెండూ కలిసేవి కావు. అవ్వ రాసింది బయటికి చదివితే మాత్రం, రెండోసారికో మూడోసారికో చటుక్కున అసలు మాట తగిలేది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇన్నేళ్లూ తప్పుగా పలికిన మాటలు ఆమె రాతలో సరిగ్గా ఉన్నాయి. రాతలో ఉండి నోట్లో పలకని అక్షరాలు ఆమె పుస్తకంలో అసలు లేవు. ఆమె వాటిని ఎన్నడూ చూడలేదు కాబట్టి మోసపోలేదు. రోజుకు రెండు పేజీలు అలా బయటికి చదివేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి పేర్లూ వాటి అర్థాలూ చెబితే, అవ్వ మిషను తొక్కుతూ వినేది. "గంతేనా? నేనింకా పెద్ద ముచ్చట అనుకున్న" అనేది కొన్నిటికి. కొన్నిటికి తొక్కడం ఆపేసేది.

అప్పటిదాకా పేర్లే పోల్చాను గానీ స్థానాలు పట్టించుకోలేదు. రెండు పుస్తకాలు పూర్తయ్యాక ఒక వారం దగ్గర తేడా కంటబడింది. తెర మీద మొదటి స్థానంలో ఒకే పాట ఉంది. అవ్వ పుస్తకంలో ఒకటో అంకె ఎదురుగా రెండు పాటలు ఉన్నాయి. తర్వాతి పేజీల్లోనూ అక్కడక్కడా తేడాలే. మూడోది ఐదో స్థానంలో, ఐదోది నాలుగో స్థానంలో.

"అవ్వా, ఈ వారం నువ్వు సరిగ్గా విన్నట్టు లేదు" అన్నాను. "ఇద్దరు ఒకటో నంబరు ఎట్లయితరు?"

ఆమె నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది.

"ఇన్నది ఇన్నట్టే రాసిన."

"అక్కడ వేరే ఉంది మరి."

"ఉండని. మీ తాత నాలుగేండ్లు నా రాత సూసి కార్డులేసిండు. ఒక్కనాడు గూడ అడగలే, సరిగ్గ ఇన్నవా అని."

ఏడు పుస్తకాలూ పెట్టెలో పెట్టి మూత వేసేసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం వేళకు పిలిచే మనిషి పిలవలేదు. నేను ఏం మాటన్నానో నాకప్పుడు తెలిసింది. పోయిన భర్త ఆమె మీద ఉంచిన నమ్మకాన్ని, మొన్న మొన్న కంప్యూటరు ముందు కూర్చున్న నేను తప్పుపట్టాను.

మూడో రోజు మళ్లీ సెంటరుకు పోయాను. ఈసారి జాబితాలు కాదు, ఆ జాబితాలు ఎలా తయారయ్యేవో వెతికాను. అర్థం కాని మాటలకు నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు పేజీల ఇంగ్లీషు వ్యాసం చదివాను. జీవితంలో పరీక్ష కోసం కాకుండా చదివిన మొదటి ఇంగ్లీషు అది. ఆ రోజుల్లో లండన్‌లో అందరూ ఒప్పుకున్న ఒక్క జాబితా అనేది లేదట. నాలుగైదు పత్రికలు దేనికది రికార్డులమ్మే అంగళ్లలో అడిగి సొంత వరుస వేసుకునేవి. రేడియోవాళ్లు ఆ పత్రికల వరుసలన్నీ కలిపి సగటు తీసి చదివేవారు. అలా సగటు తీయడం వల్ల కొన్ని వారాల్లో రెండు పాటలు ఒకే స్థానంలో నిలిచేవి. నేను చూసింది ఒక పత్రిక వరుస. అవ్వ విన్నది రేడియో వరుస.

ఇంకాస్త వెతికితే ఆ వారపు రేడియో వరుస దొరికింది. ఒకటో స్థానంలో రెండు పాటలు ఉన్నాయి.

ఆ కాగితం ప్రింటు తీసుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాను. అవ్వ గుండీలు కుడుతోంది.

"అవ్వా, నువ్వు రాసిందే కరెక్టు. తప్పు నాదే."

మొత్తం విడమరిచి చెప్పాను. ఆమె కాగితం మీది ఇంగ్లీషు అక్షరాలను వేలితో తడిమింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "పో, కాళ్లు చేతులు కడుక్కో. జొన్నరొట్టె చేసిన" అంది.

నోటుపుస్తకాలు అన్నీ ఎక్కించడం ఆ వానాకాలంలో పూర్తయింది. పువ్వు గుర్తు ఉన్న పాటలు ఇరవై దాకా లెక్క తేలాయి. హైదరాబాదు పోయివచ్చే స్నేహితురాలితో వాటిలో దొరికినవన్నీ ఒక సీడీలో వేయించి తెప్పించాను. కూతురి గదిలో ప్లేయరు పెట్టి వినిపించాం. కూతురికి అమ్మ గురించి ఈ ముచ్చట సగమే తెలుసు. ఆమె కూడా వచ్చి కూర్చుంది. అవ్వ కళ్లు మూసుకుని, ఒక్కో పాట మొదలు కాగానే స్థానం చెప్పింది. "ఇది మూడు దాక పోయి ఆగింది. ఇది రాంగనే ఒకటి. ఇది పాపం, పది దాటలే." ఒక పాటకు మాత్రం ఏ అంకే చెప్పలేదు. "ఇది మీ నాయన ఈల వేస్తుండె" అని కూతురితో అంది.

మూడోసారి పరీక్షలో నేను గట్టెక్కాను. గొప్ప మార్కులేమీ కావు. బీఈడీ చేసి, నాగర్‌కర్నూల్ దగ్గరి ఒక ఊళ్లో హైస్కూలు టీచరుగా చేరాను. పిల్లలకు పుస్తకం తెరవకముందు మాట వినిపించి, ఎట్లా వినిపిస్తే అట్లా తెలుగులో రాయమనేదాన్ని. స్పెల్లింగు తర్వాత. తోటి టీచర్లకు మొదట వింతగా ఉండేది. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే, ఇంగ్లీషు రాని ఒకామె దగ్గర అనేదాన్ని.

ఒకసారి అవ్వ బస్సెక్కి మా బడి చూడటానికి వచ్చింది. చివరి బెంచీలో పిల్లల మధ్య కూర్చుంది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, "అవ్వా, నీకు ఇంగ్లీషొస్తదా?" అని అడిగింది.

"రాదు బిడ్డా. ఇనొస్తది."

బస్టాండులో ఆమెను ఎక్కించేటప్పుడు నా మనసులోది చెప్పాలనుకున్నాను. "నువ్వు లేకపోతే నేనీడ ఉండేదాన్ని కాదవ్వా" అన్నాను. "గట్లనకు. నేనుత్తగ రాసిపెట్టిన. ఎవరన్న సదువుతరనుకున్ననా?" అని కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఆమె ఇంకొన్నేళ్లు ఉంది. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే నా మొదటి ఫోను ఆమెకే. ఎంతమంది పాసయ్యారని ఎన్నడూ అడగలేదు. "పోరగాండ్లు నోరు తెరిచి సదువుతుండ్రా?" అని మాత్రం అడిగేది. చదువుతున్నారు అవ్వా అనేదాన్ని. చాలామటుకు నిజమే.