ప్లైవుడ్ ముక్కల వెనక నా కొలత

మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొస్తే తోటి పిల్లలంతా తాడిమర్రికో, రొళ్లకో అవ్వగారి ఇళ్లకు పోయేవాళ్లు... నాకు మాత్రం షెడ్డులో చెక్కముక్కలు సర్దే పని.

పెనుకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డే నాయన పనిచేసే చోటు. ఏడాదంతా తలుపులు, కిటికీలు, బీరువాలు చేయగా మిగిలిన ముక్కలన్నీ అక్కడే గుట్టపడేవి. వానలు రాకముందే సర్దకపోతే చెదలు తినేస్తాయి. టేకు ఒక పక్క, వేప ఒక పక్క. ప్లైవుడ్ ముక్కలేమో కింద ఇటుకలు పెట్టి గోడకు నిలబెట్టాలి, పెద్దవి వెనక, చిన్నవి ముందు. మూర కంటే పొట్టివన్నీ నీళ్ల పొయ్యికి. ఇవన్నీ నాకు ఎక్కాలకంటే బాగా వచ్చు... ఆ గర్వం కూడా కొంచెం ఉండేది.

నాయనకు చదువు లేదు, అక్షరాలు మాత్రం కొన్ని వచ్చు. కొలతలు కాగితం మీద రాసుకోడు. సన్నని చెక్క రీపు తీసుకుని, కావలసిన పొడవుకు కోసి, ఆ పని ఎవరిదో వాళ్ల పేరులో మొదటి అక్షరం పెన్సిలుతో దానిమీద రాసేవాడు. పని పూర్తయ్యాక ఆ రీపును రెండుగా విరిచి పొయ్యిలో పెట్టేవాడు. విరవని రీపు ఉందంటే ఆ పని ఇంకా చేయాల్సి ఉందని అర్థం.

మాది చర్చికి పోయే కుటుంబం. మావాళ్లలో ఎవరైనా పోతే పాతిపెట్టే పెట్టె వేపపలకలతో నాయనే చేయాలి. అప్పుడూ రీపే... ఆ మనిషి పక్కన పెట్టి, తల నుంచి పాదం దాకా చూసి, పైన నాలుగు వేళ్లు ఎక్కువ ఉంచి కోసుకొచ్చేవాడు.

నేను నాలుగో తరగతి ముగించిన ఏడాది అది. ప్లైవుడ్ ముక్కలన్నీ ముందుకు లాగి, వెనక ఊడుస్తుంటే గోడ మూలకు ఆనించిన రీపు ఒకటి కనిపించింది. విరవలేదు. దానిమీద 'ఎ' అని రాసుంది.

నా పేరు ఎస్తేరు.

తలుపుకైతే పొట్టి, కిటికీకైతే పొడుగు. పక్కన నిలబడి, తలమీద చెయ్యి పెట్టి చూసుకున్నాను... పైన సరిగ్గా నాలుగు వేళ్ల మేర మిగిలింది.

అంతకు రెండు నెలల ముందే నాకు టైఫాయిడ్ వచ్చి, హిందూపురం ఆసుపత్రిలో చాలా రోజులుండి వచ్చాను. అయితే జబ్బు తగ్గలేదన్నమాట... నాకు తెలియకుండా దాచారన్నమాట.

రీపును ఉన్నచోటే పెట్టి, ముక్కలన్నీ మళ్లీ నిలబెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. పైకి అంటే నిజమైపోతుందని భయం.

ఆ వారం రోజులూ ఎలా గడిచాయో నాకే తెలుసు. నాయన వేపపలక చేతిలోకి తీసుకుంటే చాలు, నాకేనేమోననిపించేది. అమ్మ ఇంకో ముద్ద తినమంటే, ఉన్నన్నాళ్లయినా బాగా పెడదామని చూస్తోంది అనుకునేదాన్ని... ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఆ ముద్ద కంచంలోనే వదిలేసేదాన్ని. పడుకుంటే కాళ్లు చాపేదాన్ని కాదు. చాపితే కొలత సరిపోతుంది కదా.

"ఏమ్మే, అట్ల ముడుక్కోని పండుకుంటాండావు? జరం గాని వస్తాందా?" అని అమ్మ నుదురు పట్టి చూసేది. ఆ చెయ్యి తగిలితే ఇంకా భయమేసేది.

ఆ తర్వాత ఒక పొద్దున నాయన షెడ్డులోంచి పిలిచాడు.

"పాపా, ఇట్ల రా. ఈ ప్లైవుడ్ పట్టుకో, చెదలు పట్టినాయేమో చూడల్ల. ఆ మూలవి ముట్టుకోవద్దు, నేను చూసుకుంటా."

ఆ మూల అన్నాక ఇంక ఆగలేకపోయాను.

"నాయనా, నా పెట్టె ఎప్పుడు చేస్తావు?" అని అడిగేశాను.

నాయన చేతిలో ముక్క జారిపోయింది. "ఏం పెట్టెమ్మా?" అన్నాడు. నేను మూలకు చూపించాను. అంతే, రంపపు పొట్టులోనే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. చూసేసరికి, అయితే నిజమేనని నేనూ గట్టిగా ఏడ్చేశాను.

నన్ను ఒళ్లోకి లాక్కుని చెప్పాడు.

"నీకేం కాలేదు పాపా. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక పొద్దు డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్న్యాడు. ఆస్పత్రి ఖర్చుకు దుడ్ల కోసం ఇంటికొచ్చినోణ్ణి షెడ్డులోకి పోయి ఆ రీపు కోసినా. ఏల కోసినానో నాకే తెలీదు."

"నన్ను కొల్చలేదు గదా?"

"నీ పొడుగు నాకు తెలీదామ్మా?"

"మల్ల ఇరగ్గొట్టలేదేల?"

"పని అయిపోయినాక గదా ఇరిచేది... ఇరిస్తే ఆ పనీ అయిపోయినట్లేనని భయం. చూస్తే ఇంగా భయం. యాడ పెట్టాల్నో తెలీక ఈడ దాచినా."

వారం రోజులుగా ఈ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. నాయన రెండు నెలలుగా ఆ మూల వైపు చూడకుండానే పనిచేస్తున్నాడని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను ఆ రీపు పక్కన నిలబెట్టేవాడు. మూడు వేళ్లు... చాన్నాళ్లకు రెండు... మధ్యలో కొన్ని నెలలు కదలకపోతే ఇద్దరికీ దిగులు, అమ్మ చేతిలో సంగటి ముద్ద ఇంకా పెద్దదయ్యేది. ఆరో తరగతిలో ఒక ఆదివారం రీపు కొస నా తలకంటే కిందికి దిగింది. నాయన నమ్మలేక రెండుసార్లు చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంగ ఇది నీది కాదు పాపా" అని, దాన్ని పుటుక్కున విరిచి పొయ్యిలో పెట్టేశాడు.

ఇప్పుడు ధర్మవరం పోతే పెట్టెలు తయారుగానే దొరుకుతాయట, చిన్నది, పెద్దది అని చెబితే చాలు. ప్లైవుడ్ కూడా అంగట్లోనే మిషను మీద కోసిస్తున్నారు. ముక్కలు మిగలవు, సర్దే పనీ లేదు. సులువే, కాదనను... కానీ బిడ్డ పొడవు కొలవకుండానే తెలిసిన చేతులు ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఏ మూలో దాచిపెట్టిన భయం మీ కంట పడిందా ఎప్పుడైనా... పడితే చెప్పండి, వింటాను.