బీబమ్మ పోసిన చెంబెడు నీళ్లు

ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలని ఇన్నాళ్లకు నాకు గట్టిగా తోచడానికి కారణం మా శాఖా గ్రంథాలయం. మధ్యాహ్నం పూట అక్కడికి వెళ్లి కూర్చోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. మొన్న వేసవిలో ఒకరోజు, ఎవరో ఎవరి దేవుణ్ణో ఏదో అన్నారని పేపరులో పడిన వార్త మీద ఇద్దరు పెద్దమనుషులకు మాటామాటా పెరిగింది. "అలాటోళ్ల నోరు కుట్టీయాల" అని ఒకాయన, "మాటే కదేటి, మాటకే పడిపోతాడేటి మీ దేవుడు?" అని ఇంకొకాయన. ఏళ్ల తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకే పేపరు పంచుకు చదివినవాళ్లు ఇప్పుడు ఒకరు వస్తే ఒకరు లేచి వెళ్లిపోతున్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి అటక మీది ఇత్తడి చెంబు దించాను. లోపలి కళాయి పూత ఎప్పుడో పోయింది, అడుగున పచ్చగా చిలుము పట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత ఇత్తడి వాసన, దాని వెనకాల ఎక్కడి నుంచో, కళాయి వేసేటప్పుడు లేచే నవసాగరం పొగ వాసన. అది నిజంగా చెంబులో ఉందో, నా తలలో ఉందో చెప్పలేను.

నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. ఆ తర్వాత నాకు తెలిసినదంతా లైబ్రరీ బీరువాల్లోంచి తెలుసుకున్నదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది. తెలుగులో ఉన్న రాజ్యాంగాన్ని కూడా అట్ట నుంచి అట్ట దాకా చదివాను. మాట్లాడే హక్కూ, ఎవరి మతం వాళ్లు నడుపుకొనే హక్కూ అందులో ఒకే భాగంలో, కొద్ది పేజీల దూరంలో ఉంటాయి. ఆ రెండూ ఒకే వీధిలో ఎలా సర్దుకుపోతాయో మాత్రం నేను పుస్తకంలో చూడలేదు, మా ఊళ్లో చూశాను.

మా ఊరు రాజాం నుంచి ఎడ్లబండి మీద పూట ప్రయాణం. అరవైలు వెళ్లిపోయే రోజులవి, నాకు తొమ్మిదో పదో ఏళ్లు. మార్గశిరం వచ్చిందంటే పొద్దున్నే మంచు దుప్పటి కింద కళ్లాలన్నీ గడ్డి వాసన, కొత్త ధాన్యం వాసన కలిసి ఘుమఘుమలాడేవి, నూర్పులకు కట్టిన ఎడ్లు తొక్కిన చోటే తొక్కుతూ తిరుగుతుంటే మేము పిల్ల గుంటలమంతా కుప్పల వెనక దాగుడుమూతలాడి ఒళ్లంతా దురదలు తెచ్చుకునేవాళ్లం, మా అమ్మ వేణ్నీళ్లు పోస్తూ తిట్టేది, తిడుతూనే ఉడకబెట్టిన కందికాయలు దోసిట్లో పోసేది. తేగలు కాల్చిన వాసన ఒక ఇంట్లో, పొంగడాలు నూనెలో పొంగుతున్న వాసన ఇంకో ఇంట్లో, కొత్త బెల్లం వచ్చిన ఇంటి ముందు ఈగలూ మేమూ.

ఆ నెలలోనే ఇత్తడి సామాన్లన్నీ కళాయికి వెళ్లేవి. వీధి చివర పెంకుటింట్లో మస్తాన్ సాయిబు ఉండేవాడు, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క తురక కుటుంబం వాళ్లది. గుంటలో బొగ్గులు రాజేసి, తోలుతిత్తి ఊదుతూ, గిన్నె ఎర్రబడ్డాక నవసాగరం పొడి చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పుమని లేచి మా కళ్లు మండేవి. తగరం ముక్క అలా తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పేసరికి గిన్నె లోపల వెన్నెల పరచుకునేది, నీళ్లలో ముంచితే సుయ్‌మనేది. మా నాన్నను అతను బావ అనేవాడు, మేము అతన్ని మావ అనేవాళ్లం. అతని తల్లి బీబమ్మ మామ్మ. ముఖం నిండా ముడతలు, నోటి నిండా మాటలు. మేము పొగకు దగ్గుతుంటే "ఒసే గుంటలారా, ఎల్లి బయిట దగ్గండే, నా కొడుకు గిన్ని సెడిపోద్ది" అని గదమాయించి, మళ్లీ తనే పిలిచి బెల్లం ముక్క పెట్టేది.

కళ్లాలు ముగిసే వేళకు పగటి వేషాలవాళ్లు వచ్చేవారు. వాళ్ల పెద్ద గవరయ్య. సన్నగా తాటిమట్టలా ఉండేవాడు, ముఖానికి అరదళం రంగు పూశాడంటే ఎవరి ముఖం కావాలంటే ఆ ముఖం వచ్చేది. రోజుకొక వేషం. పంతులు వేషం నాడు మంత్రం మధ్యలో కండువాలోంచి ఎండుచేప జారిపడేది. షావుకారు వేషం నాడు తక్కెడకు బొటనవేలు తగిలించేవాడు. రైతు వేషం నాడు జానెడు గట్టు కోసం సొంత తమ్ముడితో కోర్టుకెక్కి, ఆఖరికి గట్టుతో పాటు పొలం కూడా ప్లీడరుకు రాసిచ్చి వచ్చేవాడు. అది చూసి మా నాన్న కళ్లు తుడుచుకుంటూ నవ్వేవాడు, ఎందుకంటే తనతో అలాటి గట్టు తగాదానే ఉన్న మా చిన్నాన్న కూడా పక్కనే ఉండి నవ్వేవాడు. సాయిబు వేషం నాడు గోగునార గడ్డం, పచ్చ గుడ్డ, చేతిలో పూసలు. "నీలైనా ముట్టను, ఉమ్మైనా మింగను" అని దండోరా వేస్తూ, పక్కకు తిరిగి టోపీలోంచి పొంగడం తీసి నోట్లో కుక్కుకునేవాడు. ఆ హాస్యం ప్రతి ఏడూ అదే. మస్తాన్ మావ కూడా ప్రతి ఏడూ నవ్వేవాడు.

ఈ వేషాలకు మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. ఆఖరి రోజును మొకంకడుగు అనేవారు. గవరయ్య ఆ రోజు అన్ని వేషాల రంగులూ ముఖం మీద పట్టీలు పట్టీలుగా పూసుకుని, తాను వెక్కిరించిన ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా తలవంచి నిలబడేవాడు. ఆ ఇంటివాళ్లు తమ చెంబుతో, తమ చేత్తో నీళ్లు పోయాలి. పోస్తే ఆ ఇంటి రంగు కడుక్కునేవాడు, మాట అక్కడితో తెగిపోయినట్టు. ఏ ఒక్క ఇల్లు నీళ్లు పోయకపోయినా ఆ రంగు ముఖం మీద ఉండిపోతుంది, అంటే ఊళ్లో ఎవరి దగ్గరా చేటెడు ధాన్యం ముట్టకూడదు, రంగు ముఖంతో పక్క ఊళ్లో అడుగు పెట్టకూడదు. ఏడాది తిండి ఆ నీళ్లలో ఉండేది వాళ్లకు.

ఆ ఏడు సాయిబు వేషం కట్టిన రోజు గవరయ్య ఎప్పటిలాగే వీధంతా తిరిగి మస్తాన్ మావ ఇంటి ముందు ఆగాడు. "నీలైనా ముట్టను" అన్నాడు, పొంగడం తీశాడు, ఊరు గొల్లున నవ్వింది. గోనెపట్టా తెర తొలగించుకుని బీబమ్మ మామ్మ బయటకు వచ్చింది. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. గోడ పట్టుకుని నిలబడింది.

"నవ్వండమ్మా, నవ్వండి. నాకు నోరెండిపోయి నవ్వు రాడం నేదు" అంది. తెర దించేసి లోపలికి వెళ్లిపోయింది.

ముందు వరసలో ఆగిన నవ్వు వెనక వరస దాకా ఆగుతూ వెళ్లింది. గవరయ్య సగం కొరికిన పొంగడం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అది వాళ్ల ఉపవాసాల నెల అని అతనికి తెలియదు, మాకూ పట్టలేదు. తర్వాత చాలా ఏళ్లకు లైబ్రరీలో చదివితే అర్థమైంది: వాళ్ల సంవత్సరం చంద్రుడి లెక్కది, మన దానికంటే పది పదకొండు రోజులు చిన్నది, అందుకని ఆ నెల ఏటేటా వెనక్కి జరుగుతూ అన్ని రుతువులూ తిరిగి వస్తుంది. వేషాలవాళ్లు కోతల్లోనే వస్తారు, ఆ నెల మాత్రం నడుచుకుంటూ నడుచుకుంటూ ఆ ఏడే వచ్చి కోతల్లో పడింది. పాత హాస్యం, పాత గుమ్మమే. లోపల మనిషి మాత్రం ఆ పూట నిజంగా ఎండుతోంది.

సాయంత్రం పెదనాయుడి గారి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. ఊరికి పెద్ద ఆయనే. గవరయ్య కింద మట్టిలో కూర్చున్నాడు.

"ఒరే గవరయ్యా, అందరం మంచిగా బతుకుతన్నాం. వొచ్చే ఏటి నుంచి సాయిబు ఏషం కట్టీకు. ఆ ఒక్కటీ ఒగ్గీ" అన్నాడు నాయుడు.

"ఇయ్యాల సాయిబు గారిది ఒగ్గీమంటారు, రేపు పంతులు గారిది, ఎల్లుండి తవరిది" అన్నాడు గవరయ్య తల ఎత్తకుండా. "నా నోటికి తాళమేస్తే నా పిల్లల కడుపుకేసినట్టే బాబూ."

"అంటే ఏటంటావు? ముసిల్దాన్ని ఏడిపించడం నీ హక్కంటావేటి?"

అప్పుడు మస్తాన్ మావ లేచాడు. అతను నాయుడి పక్షాన మాట్లాడతాడని అందరూ అనుకున్నారు.

"ఏషం మానిపించకు బావా" అన్నాడు నాయుడి కేసి తిరిగి. "ఊళ్లో అందర్నీ ఎక్కిరించి నన్నొక్కడ్నీ ఒగ్గీసినాడనుకో, నాను మీ ఊరోడ్ని కానని సెప్పినట్టే కదేటి? సుట్టపు సూపుగా వొచ్చినోడి మీద ఎవుడూ ఏషం కట్టడు. నన్నంటే నాను నవ్వుతాను. మాయమ్మ ఉపాసం మాటంటావా, అది మాయమ్మది. రేపు మొకంకడుగుకి నీలు పోస్తాదో పొయ్యదో ఆవిణ్ణే అడగండి. నాను సెప్పను."

మర్నాడు మా అమ్మ నన్ను కళాయికిచ్చిన చెంబు తెమ్మని పంపింది. నేను వెళ్లేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మిగతా ఇళ్ల నీళ్లన్నీ అయిపోయి, ఎడమ చెంప మీద సాయిబు వేషపు ఆకుపచ్చ పట్టీ ఒక్కటే మిగిలిన ముఖంతో గవరయ్య బీబమ్మ మామ్మ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది.

"పొద్దున్నుంచీ ఏటైనా తిన్నావురా?" అంది మామ్మ తెర పక్క నుంచి.

"నేదు తల్లీ. మొకం కడిగేదాకా తినం."

"మంచిదే. నానూ తిన్నేదు. కూసో. పొద్దుగూకినాక పోస్తాను. నా ఉపాసాన్ని ఎక్కిరించినావు కదా, ఒక్క పూట సేసి సూడు. సేసినాక నీకు నవ్వొస్తే నవ్వుకో, నానేటీ అనను."

అతను కూర్చున్నాడు. నేను చెంబు అడగడం మరిచిపోయి అరుగు చివర కూర్చున్నాను. మస్తాన్ మావ తిత్తి ఊదుతూనే ఉన్నాడు. నీడలు గోడెక్కుతున్నకొద్దీ గవరయ్య చెంప మీద రంగు ఎండి పెచ్చులు లేచింది. అతని పెళ్లాం అంబలి ముంత పట్టుకొస్తే చేత్తోనే వద్దన్నాడు. ఎదురింటి నుంచి పొంగడాల వాసన వచ్చినప్పుడల్లా అతని గొంతులో ముడి పైకీ కిందికీ కదిలేది. తెర వెనక నుంచి మామ్మ గొంతు వినిపించింది: "ఏరా, సూరీడు దిగతన్నాడా?"

"నేదు తల్లీ. ఆ తాడిసెట్టు కాడే అతుక్కుపోయినాడు ముండాకొడుకు."

లోపల చిన్నగా నవ్వు వినపడింది. నాకైతే వినపడింది.

పొద్దు గూకింది. మామ్మ బయటకు వచ్చింది. చేతికందిన చెంబు తీసుకుంది, అది అప్పుడే కళాయి వేసిన మా చెంబు. గవరయ్య ముఖం ముందుకు వంచాడు. ఆవిడ పోయలేదు.

"మొకం తరవాత. ముందు తాగు" అంది.

అతను దోసిలి పట్టాడు. ఆవిడ పోసింది. తాగుతూ తాగుతూ అతను ఏడ్చాడు, లేకపోతే అవి చెంప మీద జారిన నీళ్లేనేమో. తర్వాత ఆవిడ రెండో దఫా పోస్తే ఆకుపచ్చ రంగు కరిగి మట్టిలో కలిసిపోయింది. ఇద్దరూ అరుగుకు అటొకరు ఇటొకరు కూర్చుని చోడి జావ తాగారు, నాకు కూడా ఒక గిన్నె దొరికింది. ఆ రాత్రే నాయుడి గారింటి నుంచి మొదలై అన్ని ఇళ్ల ధాన్యమూ గవరయ్య బండిలో పడింది.

మరుసటి ఏడు కూడా ఆ నెల కోతల్లోనే పడింది. గవరయ్య సాయిబు వేషం కట్టుకుని వచ్చాడు. ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. ఈసారి టోపీలో పొంగడం లేదు. వీధి మధ్యలో నిలబడి, ఆకాశం కేసి రెండు చేతులూ జోడించి, "దిగు నాయనా, దిగరా తండ్రీ, నీ కాల్లు పట్టుకుంటాను, నిచ్చెనెయ్యనేటి?" అని సూర్యుణ్ణి బతిమాలాడు, తిట్టాడు, లంచం ఇవ్వబోయాడు, ఆఖరికి తాడిచెట్టును పట్టుకుని ఊపాడు. ఊరంతా పడి పడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మాత్రం గోనెపట్టా తెర పట్టుకుని నిలబడ్డ ఎండిన నోటి బీబమ్మ మామ్మే. "సచ్చినోడా, నా పేనమే సూపించినావురా" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు కళాయి వేసేవాళ్లు లేరు, స్టీలు గిన్నెలు వచ్చాక ఆ పొగ పోయింది. పగటి వేషాలు లేవు. తాడిచెట్టు ఉన్నచోట సెల్ టవరు ఉంది. మాటలు మాత్రం అప్పటికంటే ఎక్కువే పుడుతున్నాయి, ఎవరు అన్నారో తెలియని మాటలు, వాటికి గుమ్మం ముందు నిలబడే ముఖం ఉండదు, నీళ్లు పోయడానికి మనిషి దొరకదు. నాకు బెంగ దాని గురించే, మిగతా వాటి గురించి కాదు.

దీన్ని రాయమని పట్టుబట్టిన మా లైబ్రేరియన్ సుభాషిణి గారికి, నా గజిబిజి రాతను ఓపికగా టైపు చేసిన మనవరాలు హారికకు, మామ్మ మాటలు కొన్ని తన తండ్రి నోట విన్నవి గుర్తు చేసిన మస్తాన్ మావ కూతురు షమీమ్‌కు, నెల్లిమర్లలో ఉంటూ మొకంకడుగు పద్ధతి నాకు మళ్లీ విడమరిచి చెప్పిన గవరయ్య కొడుకు తవుడికి, చెంబును పాత సామాన్లవాడికి వేసేయకుండా ఏళ్ల తరబడి దాచి నాకిచ్చిన మా వదిన పైడమ్మకు నా నమస్కారాలు. ఇది పూర్తయ్యాక లైబ్రరీలో ఆ ఇద్దరు పెద్దమనుషుల ముందే చదివాను. ఒకాయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. రెండో ఆయన లేచాడు, వెళ్లిపోతాడేమో అనుకున్నాను. మూలనున్న కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి, మొదటాయన ముందు పెట్టాడు.