బాపు జేబుల ఫ్యూజు

రాండ్రి, చాప మీద జరంత దగ్గరికి జరిగి కూసోండ్రి, చెప్త. మొన్న అటక దులుపుతుంటె రెండు వైర్లు కట్టిన చిన్న బల్బొకటి దొరికింది. ముక్కుకాడ పెట్టుకుంటె దుమ్ము వాసనే గని, నాకు మాత్రం గోదావరిఖనిల మా క్వార్టర్ అంత గుప్పుమన్నది, బొగ్గు కుంపటి పొగ, అమ్మ నూనెల ఏసే గరిజెలు, ఖాజా కాక సోల్డరింగ్ పొగ అన్నీ కలిసి.

తెలంగాణ ఇంక రాలేదప్పుడు, నాకు ఎనిమిదేండ్లు. మా బాపు బొగ్గు బాయిల టబ్బులు గుంజే ఇంజన్ నడిపేటోడు, ఆదివారం ప్రార్థన మందిరంల గిటారు వాయించేటోడు. దానికొక పాత ఆంప్లిఫయర్ ఉండె, లోపల గాజు బుడ్లు ఎర్రగ ఎలిగేవి. ఆ చలికాలం అది గుయ్యిమని మూలుగవట్టింది, పాట కంటె మూలుగే ఎక్కువ. "ఈ క్రిస్మసుకు గిటారొద్దు తమ్మీ, డోలక్‌తోనే కానిద్దాం" అన్నడట పాస్టరు. ఆ రోజు బాపు అన్నం సగంలనే లేసిండు.

మా వాడకట్టు రేడియో మెకానిక్ ఖాజా కాక విని, "కండెన్సర్లు ఎండిపొయినయ్ భాయ్, కొత్తయి ఏస్తె సాలు. నేనొచ్చెదాంక చెయ్యి పెట్టకు" అన్నడు. బాపుకు ఓపికేది? బాయిల ఒక పద్ధతి ఉంటది, ఏ మిషన్ల చెయ్యి పెట్టినా ముందుగాల ఫ్యూజు పీకి తన జేబుల ఏసుకోవాలె, ఇగ ఎవ్వలు స్విచ్చేసినా పానానికి ఫికర్ లేదు. ఇంట్ల గూడ గట్లనే ఫ్యూజు పీకి, అంగీ జేబు తట్టుకొని, "కరెంటు నా జేబుల ఉన్నది" అని నవ్వి, ఎడమచెయ్యి ఆంప్లిఫయర్ లోపల పెట్టిండు. షాక్ కొట్టి, పోయి గోడకు పడ్డడు.

అమ్మ ఉరికొచ్చి, "నీ బాయి తెలివి బాయిలనే పెట్టు!" అని తిట్టుకుంటనే అరచెయ్యి రుద్దింది. తీగెలు నొక్కే ఏళ్లు వణుకుతనే ఉన్నయ్, పండుగకు ఇగ రెండు రోజులే ఉన్నది.

మాపటీలి వచ్చిన ఖాజా కాక తిట్టలే. ఫ్యూజు మల్ల ఏసి, ఆంప్లిఫయర్ ఒక్కసారి పెట్టి, మూలుగు విని, బంద్ చేసి, బాపుతోనే ఫ్యూజు పీకిచ్చి, ఈ బల్బు వైర్లు కండెన్సర్‌కు ఆనిచ్చిండు. కరెంటే లేదు గని బల్బు మిణుక్కుమని ఎలిగి ఆరింది. "సూసినవా భాయ్, నీ జేబుల కొంతనే ఉన్నది, మిగిలింది ఈ కండెన్సర్ దాసుకున్నది" అని, ఒక్కొక్క కండెన్సర్ మార్చి, బల్బు బాపుకే ఇచ్చిపోయిండు. ఊడదీసిన పాతయి నాకు అష్టాచెమ్మల పావులైనయ్.

పండుగ పొద్దున మందిరంల ఆంప్లిఫయర్ పెడితె మూలుగు లేదు, సప్పుడే లేదు. "కాలిపోయిందా ఏంది?" అన్నడు పాస్టరు. బాపు తీగె మీటిండు. ఏలు ఇంక వణుకుతుండె. ఆ వణుకు స్వరంలకెక్కి, చెరువు మీది పొద్దుటి ఎండ లెక్క మందిరమంత అల్లాడింది. "తీగె గిట్ల వణికిచ్చే పనితనం ఎక్కడ నేర్సినవ్ తమ్మీ?" అని పాస్టరు అడిగితె, అమ్మ నవ్వు ఆపుకోను కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఇప్పుడు బాపు లేడు. ఆ బాయి మూసిండ్రు, ఖాజా కాక షాపుల ఫోన్ కవర్లు అమ్ముతున్నరు, ఆంప్లిఫయర్ ఏడ పోయిందో ఎవ్వలకెరుక. బల్బు తుడిసి, బాపు అంగీ జేబుల పెట్టి మడతేసిన.

ఇగ లేవండ్రి బిడ్డా. మీ ఇంట్లకెళ్లి డ్యూటీకి పోయినోళ్లంత పోయినట్టే నవ్వుకుంట ఇల్లు చేరాలె, వాళ్ల చేతులు సల్లగుండాలె.