గొంతులో చిన్న దారి

కరోనా వచ్చిన ఏడాది నేను ఈఎన్‌టీలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చెవి, ముక్కు, గొంతు ఆపరేషన్లు చేతికి అలవాటు కావాల్సిన కాలం అది. అత్యవసరం కానివన్నీ ఆపేసి మమ్మల్ని కోవిడ్ వార్డుకు పంపారు. మణికొండలో మా అపార్ట్‌మెంట్ ఐటీ వాళ్లంతా ఇంట్లోంచే పని చేస్తుంటే, పొద్దున్నే నేనొక్కదాన్నే స్కూటీ తీసేదాన్ని. కత్తి పట్టకుండానే సర్జన్‌ని అయిపోతానేమోనని ఒకటే దిగులు.

వార్డులో ఒకాయన వెంటిలేటర్ మీద ఉన్నాడు. హైటెక్ సిటీ కంపెనీలకు క్యాబ్ నడిపేవాడు. వారాలు గడిచినా నోట్లో గొట్టం తీయలేకపోయారు. ఇక గొంతు ముందు చిన్న రంధ్రం చేసి, అక్కడి నుంచి గాలి అందించాలి. అది చేసేటప్పుడు రోగి ఊపిరి నేరుగా మన ముఖం మీదికే వస్తుంది. మా ప్రొఫెసర్ మేడం నన్ను పిలిచారు.

"భయంగా ఉందామ్మా?"

"ఉంది మేడం."

"నాకూ ఉంది. కత్తి నువ్వు పట్టుకో. నేను పక్కనే ఉంటాను."

బయట అతని భార్య చేతులు జోడించింది. "జర మంచిగ చూడుండ్రి మేడం. ఆయన మాట ఇనక చానా దినాలైంది."

పీపీఈ కిట్‌లో చెమట కళ్లలోకి కారుతోంది. మాటలు సరిగా వినపడక మేడం చేతులతోనే సైగ చేస్తున్నారు. గాలి మా మీదికి చిమ్మకుండా వెంటిలేటర్ కాసేపు ఆపించి, శ్వాసనాళం తెరిచి గొట్టం పెట్టాను. అతని ఛాతీ మళ్లీ పైకి లేచింది. మేడం నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

కొన్నాళ్లకు వెంటిలేటర్ అవసరం తప్పింది. వీడియో కాల్‌లో భార్యను చూపించి, గొట్టాన్ని వేలితో మూసి మాట్లాడమన్నాను. బొంగురు గొంతుతో అడిగాడు: "ఏమే, తిన్నవా?"

ఆమె ఏడుస్తూనే కోప్పడింది. "గిన్ని దినాలకు మాట్లాడి గిదా అడిగేది?"

నర్సులు గ్లవుజుల చేతులతో చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ స్కూటీ మీద పాడుకున్నాను.

తర్వాతి ఏడాది కరోనా నుంచి కోలుకున్నవాళ్లకు బ్లాక్ ఫంగస్ వచ్చింది. ముక్కు లోపల కుళ్లిన భాగాన్ని తీయాల్సింది మేమే. అందరినీ కాపాడలేకపోయాం. కొందరి కన్ను పోయింది. అయినా పొద్దున మొదలుపెడితే ఒకరి తర్వాత ఒకరికి చేస్తూనే ఉన్నాం. చెవి ఆపరేషన్లు మాత్రం మాకు తక్కువే దొరికాయి. పాసయ్యాక ఒక సీనియర్ దగ్గర చేరి ఆ పనీ నేర్చుకున్నాను.

ఉద్యోగం కోసం వెళ్తే ఇంటర్వ్యూలో ఒక పెద్ద డాక్టర్ కళ్లజోడు పైనుంచి చూశారు. "కోవిడ్ బ్యాచా? అసలు ఆపరేషన్లు చేశారా అండీ?"

చేసినవన్నీ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, చివరిదాకా విన్నారు.