బీరువాలో చెవి మిషన్

పోయిన నెల మా అత్తమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా "పుణ్యాత్మురాలు, తక్లీఫ్ లేకుండ పోయింది" అన్నారు. పోవడం సుఖంగానే పోయింది. చివరి ఏళ్లు ఎంత అవస్థ పడిందో చూసినదాన్ని కనుక, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది.

ఆమెకు సరిగ్గా వినపడదని బోయిగూడ గల్లీలో అందరికీ తెలుసు. చెవుల్లో ఆగని కూత ఒకటి ఉండేదంటే మాత్రం ఎవరూ నమ్మలేదు. పొయ్యి వెలిగించని వేళ కూడా "కుక్కర్ కూత పెడ్తున్నది బిడ్డా, జెర బంద్ జెయ్యి" అనేది. "పొయ్యి మీద ఏం లేదత్తమ్మా" అంటే, "అయితే నా చెవులదే" అని మళ్లీ కూర్చునేది. మా ఆయన "వయసైనంక గట్లనే ఉంటది" అని తేల్చేసేవాడు. తనకు పన్ను నొప్పి వస్తే మాత్రం ఇల్లు పీకి పందిరి వేసేవాడు.

చివరికి నేనే రాంగోపాల్‌పేట్‌లో చెవుల డాక్టరమ్మకు చూపించాను. వినపడటానికి చెవిలో పెట్టుకునే మిషన్ ఇచ్చి ఆమె ఎంతో ఓపిగ్గా చెప్పింది: "లేచినప్పటి నుంచి పండుకునేదాక పెట్టుకో అమ్మా. మొదట్లో చిరాకుగుంటది. బయటి చప్పుళ్లు వినబడితే లోపలి కూత జెర తగ్గుతది." అత్తమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి ఆ మిషన్‌ను బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. ఖరీదైనది ఏదైనా ఆమె లెక్కలో ఫంక్షన్లకే.

మౌలాలిలో పెళ్లికి పెట్టుకుంది. బ్యాండు, డీజే, గిన్నెల మోత అన్నీ కలిసి చెవిలో పడ్డాయి. భోజనం కాకముందే తీసి నా సంచిలో పడేసింది.

"పైసలు పెట్టి తలనొప్పి కొన్నరు."

"ఇంట్ల పెట్టుకో అత్తమ్మా."

"ఇంట్ల ఎవలున్నరని? ఊకె పెట్టుకుంటె పాడైతది."

ఇంట్లో నేనున్నాను కదా! ఎన్నిసార్లు అరిచానో.

వినపడకపోయినా నా మొహం చదివేది. ఆఫీసులో మాట పడి వస్తే, ఏమీ అడక్కుండా అల్లం చాయ్ పెట్టి, "తాగినంక ఏడువు" అనేది. అలాంటి మనిషి సాయంత్రాలు మెట్ల మీద ముచ్చట్లకు పోవడమే మానేసింది. అందరూ నవ్వాక నవ్వాల్సి వస్తుందని సిగ్గు.

ఒకసారి ఎవరిదో గృహప్రవేశానికి పొద్దున్నే తయారై మిషన్ పెట్టుకుంది. ఆటో కోసం వెళ్లిన మా ఆయన ఎంతకీ రాలేదు. పట్టుచీరలోనే మెట్ల మీద కూర్చుంది. ఎదురింటావిడ కొత్తిమీర బేరం చేస్తుంటే, "గంతకు వాడు ఇయ్యడమ్మా!" అని మధ్యలో దూరింది. బండివాడితో సహా అందరం నవ్వాం. ఆమె కూడా మాతోపాటే నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, కుక్కర్ దూరం వోయింది" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

ఇక రోజూ పెట్టుకుంటుందనుకున్నాను. సాయంత్రానికి మిషన్ మళ్లీ బీరువాలోకి! "వచ్చే నెల పెండ్లున్నది గద" అంది. మీ ఇంట్లోనూ ఇలా దాచేవాళ్లుంటే బతిమాలండి, పోట్లాడండి, ఏదో ఒకటి చెయ్యండి. నేను రెండూ చేసి ఓడిపోయాను.

మొన్న చీరలు పంచుదామని బీరువా తెరిస్తే మిషన్ డబ్బా దొరికింది. మిషన్‌లో కొత్త బ్యాటరీ వేసి గుప్పిట్లో మూశాను. అలా మూస్తే అది కూస్తుంది. సన్నగా, ఆగకుండా కూసింది.

మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. "ఏందా కూత? పొయ్యి మీద ఏమన్న పెట్టినవా? జెర బంద్ జెయ్యి."

"పొయ్యి మీద ఏం లేదు" అన్నాను.

గుప్పిట మాత్రం తెరవలేదు.