ఇంట్లో ఉన్న డబ్బా ఫ్యాక్టరీలో కనిపించింది

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ విసుగు. మాది నంద్యాల దగ్గర పల్లె. చిన్నప్పుడు శ్మశానం పక్క దారినే ట్యూషన్‌కి వెళ్ళొచ్చేవాణ్ణి, ఏనాడూ భయపడలేదు. నా ఉద్యోగం కూడా అలాంటిదే. ఏ వస్తువు ఎక్కడుందో ఋజువుతో చూపించాలి. ఇప్పటికీ దయ్యం అనే మాట నేను వాడను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

ఫ్యాక్టరీల్లో పనిముట్లు పోకుండా మా కంపెనీ ఆర్‌ఎఫ్‌ఐడి ఏర్పాటు చేస్తుంది. ఒక్కో పనిముట్టుకు చిన్న ట్యాగు అంటిస్తాం. దానికి బ్యాటరీ ఉండదు. గుమ్మాల పైన బిగించిన రీడరు పంపే తరంగం తగిలితేనే అది తన నంబరు చెబుతుంది. అదీ నాలుగైదు మీటర్ల లోపుంటేనే. ఏ ట్యాగు ఏ గుమ్మం ఎన్ని గంటలకు దాటిందో కంప్యూటర్లో పడుతుంది.

బెంగళూరు శివార్లలోని జిగణిలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఈ పని నాకూ, నా సహోద్యోగి ఫరీదాకూ అప్పజెప్పారు. తొమ్మిది గుమ్మాలు, తొమ్మిది రీడర్లు.

అక్కడి స్టోర్ కీపరు నరసింహప్ప. తాతల కాలం నుంచీ బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం. తన పని లాక్కోవడానికి వచ్చామనుకుని మొదట్లో మా ముఖం కూడా చూడలేదు.

"మీ మిషను చెప్పేదేముండాదప్పా? ఏ స్పానర్ యాడుండాదో నన్నడుగు, కండ్లు మూసుకోని చెప్తా" అన్నాడు. అడిగాం. ఒక్కటీ తప్పకుండా చెప్పాడు.

మూడో వారానికి మాతో కలిసిపోయాడు. ట్యాగులు అంటించడంలో మాకంటే ఆయనకే శ్రద్ధ ఎక్కువ. మధ్యాహ్నం భోజనానికి "ఊటకు రాండప్పా" అని పిలిచి, క్యాంటీన్లో తన స్టీలు డబ్బా తెరిచి రాగిముద్ద మాకూ తుంచి పెట్టేవాడు. ఫరీదాకు ముద్ద నమలకుండా మింగడం నేర్పింది ఆయనే.

పని ముగియక ముందే, ఒక ఆదివారం పొద్దున ఇంట్లోనే గుండెపోటుతో పోయాడు. మేమిద్దరం వెళ్ళి దండం పెట్టుకుని వచ్చాం.

మరో పది రోజులకు సిస్టమ్ మొదలుపెట్టాం. తొలిరోజే తెర మీద ఏ పనిముట్టుకూ చెందని ట్యాగు ఒకటి కనిపించింది. ఉదయం ఎనిమిదీ యాభైకి మెయిన్ గేటు. తర్వాత స్టోరు. పన్నెండున్నరకు క్యాంటీన్. ఒంటిగంటకు మళ్ళీ స్టోరు. సాయంత్రం ఐదూ పదికి గేటు బయటికి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సెలవులైన శని, ఆదివారాల్లో మాత్రం రాలేదు.

ఎవరి సంచిలోనో ఉండిపోయిందనుకున్నాను. గేటు దగ్గర నిలబడి అందరి సంచులూ వెతికించాను. గేటు రీడరు మార్చాను. కెమెరాలో ఆ నిమిషం తీసి చూస్తే గుమ్మం ఖాళీగా ఉంది. ఆ ట్యాగు సంగతి తేలేదాకా సంతకం పెట్టనన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు. వారంలో తేల్చకపోతే నన్ను తప్పించి ఇంకొకర్ని పంపుతామన్నారు మావాళ్ళు.

ఫరీదా పాత కాగితాలు తిరగేసింది. ఆ నంబరు నరసింహప్పకు ఇచ్చిన ట్యాగుల చుట్టలోది. అందులో ఒక ట్యాగు లెక్కకు రాలేదు.

"ఆయనే దేనికో అంటించి ఉంటారు. ఆ టైమింగ్స్ చూడు, ఎవరివో తెలియట్లేదా?" అంది.

"ఊరుకో" అన్నాను. కానీ మర్నాడు చేతి రీడరు పట్టుకుని ఆనేకల్‌లో వాళ్ళింటికి బయల్దేరాను. జిగణి నుంచి పది కిలోమీటర్ల పైమాటే.

ఆయన భార్య మునెమ్మగారు విషయం విని లోపలికి రమ్మన్నారు. వంటింటి అలమరలో ఆయన స్టీలు డబ్బా తోమి బోర్లించి ఉంది. దగ్గర పెట్టగానే రీడరు కూత పెట్టింది. ట్యాగు డబ్బా అడుగున అంటించి ఉంది.

"నేనూ ఆ ఫ్యాక్టరీ సామానే కదమే, నాకూ ఒకటుండనీ అని నవ్వుకుంటా తెచ్చినాడప్పా" అన్నారావిడ.

"డబ్బా ఎవరైనా బయటికి తీసుకెళ్ళారా అమ్మా?"

"యాడికప్పా? నేనొక్కదాన్నే ఉండేది. ఆయన పోయిన పొద్దుట్నుంచీ అలమర దిగనే లేదు."

అప్పుడే ఫరీదా ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను. టైము పన్నెండూ ముప్పై ఒకటి.

"ట్యాగ్ ఇప్పుడే క్యాంటీన్‌లో రీడ్ అయింది. నేను డోర్ దగ్గరే ఉన్నా, ఒక్కరు కూడా రాలేదు. నువ్వు ఎక్కడున్నావ్?"

డబ్బా నా చేతిలోనే ఉంది.

మునెమ్మగారు విన్నారు. భయపడతారనుకున్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ గడియారం వైపు చూశారు.

"ఊటకు పోయినాడా? డబ్బా ఈడే ఉండాదే. ఏం తింటాడో" అన్నారు.

ట్యాగు పీకి తెచ్చేద్దామని వెళ్ళినవాణ్ణి. ఆవిడ నా చేతిలోంచి డబ్బా తీసుకుని, "తీయొద్దప్పా" అన్నారు. తీయలేదు.

ఆ ఒక్క నంబరును మా తెర మీద మాత్రం ఉంచి, రిపోర్టులో రాకుండా చేసి, ఎందుకు వస్తోందో కనుక్కోలేకపోయామని కాగితం మీద రాసిచ్చాను. మేనేజరు చాలాసేపు చదివి, ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు. ఆయనకూ నరసింహప్ప తెలుసు.

ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి మునెమ్మగారు ఫోన్ చేసేవారు.

"వచ్చినాడా అప్పా?"

"వచ్చారమ్మా. ఐదూ పదికి బయల్దేరారు."

అంతే, పెట్టేసేవారు. పొద్దున్నే డబ్బాలో ముద్ద, పులుసు సర్ది అలమరలో పెడుతున్నాననీ, రాత్రికి తానే తింటున్నాననీ ఒకసారి చెప్పారు. అంతకుముందు సరిగా అన్నం తినేవారు కాదట.

నెలాఖరు శుక్రవారం ఐదూ పది దాటినా ట్యాగు గేటుకు రాలేదు. మేమిద్దరం తెర ముందే కూర్చున్నాం. పెయింట్ షాపు గుమ్మంలో కనిపించింది. తర్వాత ప్యాకింగ్. తర్వాత ఆయనకు ఏ పనీ లేని వెనక షెడ్డు. తొమ్మిది గుమ్మాలూ ఒక్కొక్కటిగా దాటి, చివరికి ఐదూ నలభైకి గేటు బయటికి వెళ్ళింది. ఫరీదా కళ్ళు తుడుచుకోవడం చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

సోమవారం రాలేదు. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"వచ్చినాడా అప్పా?"

"లేదమ్మా" అన్నాను. ఆ మాట చెప్పడం ఎంత కష్టమైందో.

ఆవిడ నన్నే ఓదారుస్తున్నట్టు, "బేజారు పడొద్దప్పా. శుక్రవారంతో రిటైరయినాడు గదా, ఇంకేమి పని ఆడ?" అన్నారు.

ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. మర్నాడు ఆఫీసులో అడిగితే నిజమే, బతికుంటే ఆ శుక్రవారమే ఆయన రిటైరయ్యే రోజు అన్నారు.

ఆ తర్వాత ట్యాగు మళ్ళీ కనిపించలేదు. ఒకే నంబరుతో రెండు ట్యాగులుంటాయేమో అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. చిప్పు తయారైనప్పుడే దానిలో పడే నంబరు ఇంకొకటుంటుంది, దాన్ని మార్చడం కుదరదు. ఆనేకల్‌లో నేను చదివిందీ, ఫ్యాక్టరీ రీడర్లు చదివిందీ అదే. మా సీనియర్లకు చూపించాను. ఒకాయన సాఫ్ట్‌వేర్ లోపమన్నాడు, ఎలాగో చెప్పలేకపోయాడు.

ఆ నెల రికార్డు నా దగ్గర ఇంకా ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. ఆ శుక్రవారం తొమ్మిది గుమ్మాలూ దాటి వెళ్ళింది ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు.